టాకోమీటర్, షిఫ్ట్ లైట్: మామూలు కారుకి పనికొస్తాయా?

నాలుగో_గేరు:
కారు నాలుగు సిలిండర్ల 1.2 పెట్రోల్, మాన్యువల్, బేస్ వేరియంట్. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూపే మీటర్ లేదు. బయట దొరికే టాకోమీటర్, దాంతోపాటు గేరు మార్చాల్సిన ఆర్‌పీఎం రాగానే వెలిగే షిఫ్ట్ లైట్ బిగించడం దండగ కాదు కదా? చప్పుడు విని గేరు మార్చేవాళ్ళకి వీటితో పనేముంటుంది? ఓబీడీ డాంగిల్ (కారు డయాగ్నస్టిక్ సాకెట్‌లో గుచ్చే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో చూసుకుంటే సరిపోతుందా?

క్రాంక్‌షాఫ్ట్:
రోజూ తిరిగే దారిలో గేరు ఎప్పుడు మార్చాలో చెప్పడానికి చెవి చాలు. టాకోమీటర్ అసలు విలువ వేరే చోట ఉంది.

మొదటిది క్లచ్. క్లచ్ పూర్తిగా వదిలాక ఒక గేరులో ఆర్‌పీఎం, వేగం ఒకే నిష్పత్తిలో నడవాలి. 40 కి.మీ. వేగం దగ్గర 2,000 ఆర్‌పీఎం ఉంటే అదే గేరులో 60 దగ్గర 3,000 ఉండి తీరాలి. ఖాళీ రోడ్డు మీద 4వ గేరులో, 2,000 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడండి. ముల్లు పైకి ఎగిరి వేగం వెనకబడితే క్లచ్ ప్లేట్ జారుతున్నట్టే. చెవికి ఇది తెలిసేసరికి ప్లేట్ చాలావరకు అరిగిపోయి ఉంటుంది.

రెండోది ఐడిలింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడవడం. వేడెక్కిన పెట్రోల్ ఇంజిన్ సాధారణంగా 700-900 మధ్య నిలకడగా ఉంటుంది. ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే భాగం) మసి, ఇన్‌టేక్ గొట్టాల్లో గాలి లీకు ముందు చూడాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: గేరు దించడం. రెవ్ లిమిటర్ (ఇంజిన్ హద్దు మించి తిరగకుండా చూసే ఏర్పాటు) ఇంధనాన్నో స్పార్క్‌నో ఆపగలదు, అంతే. పొరపాటున 4 నుంచి 3కి బదులు 2 పడితే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, దాన్ని ఏ లిమిటరూ ఆపలేదు. 4వ గేరు నిష్పత్తి 1.0, 2వది 1.9 అనుకోండి. 4వ గేరులో 4,000 తిరుగుతుండగా 2 వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ 7,600కి పోతుంది. వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగేది ఇలాంటప్పుడే. కాబట్టి ముల్లు చూడాల్సింది గేరు దించాక కాదు, దించబోయే ముందు.

కాయిల్_నెగటివ్:
వైరింగ్ సంగతి. మీటరుకి నాలుగు వైర్లు వస్తాయి: ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే వచ్చే 12 వోల్టులు, ఎర్త్, లోపలి బల్బు, సిగ్నల్. రంగులు కంపెనీని బట్టి మారొచ్చు, దాంతో వచ్చిన కాగితం చూసే కలపండి. 12 వోల్టుల వైరుకి చిన్న ఫ్యూజ్ తప్పనిసరి.

తప్పులు జరిగేది సిగ్నల్ దగ్గరే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్క చుట్టుకి రెండు స్పార్కులు ఇస్తుంది, మీటర్ వెనక స్విచ్‌లో '4' అంటే అదే లెక్క. డిస్ట్రిబ్యూటర్ (ఒకే కాయిల్ స్పార్క్‌ని ప్లగ్గులన్నిటికీ పంచే భాగం) ఉన్న పాత బండిలో కాయిల్ (స్పార్క్‌కి కావాల్సిన ఎక్కువ వోల్టేజి పుట్టించేది) నెగటివ్‌కి కలిపితే సరిగ్గా చూపిస్తుంది. ప్లగ్గుకో కాయిల్ ఉన్న బండిలో ఒక్క కాయిల్ నుంచి తీస్తే రెండు చుట్లకి ఒక పల్సే వస్తుంది, అంటే 3,000 ఉంటే 750 చూపిస్తుంది. రెండు ప్లగ్గులకి ఒకే కాయిల్ ఉన్నవాటిలో 1,500. ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) టాకో అవుట్‌పుట్ పిన్ను ఉందేమో వైరింగ్ డయాగ్రమ్‌లో చూడండి, ఉంటే అదే శుభ్రమైన దారి. లేకపోతే సిగ్నల్‌ని మీటరుకి సరిపోయేలా మార్చే టాకో అడాప్టర్ వేయాలి.

ముల్లు పిచ్చిగా గెంతుతుంటే మీటర్ పాడైందనుకోకండి. సిగ్నల్ వైరుని ప్లగ్ వైర్లకి దూరంగా లాగి, ఎర్త్‌ని రంగు గీకిన గట్టి లోహానికి బిగించండి.

రెడ్‌లైన్:
షిఫ్ట్ లైట్ ట్రాక్ మీద పనికొచ్చే వస్తువు. కళ్ళు మలుపు మీద ఉన్నప్పుడు ముల్లు చదవలేం, వెలుగు మాత్రం ఓరకంట పడుతుంది. అయితే దాన్ని రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని ఆర్‌పీఎం) దగ్గర సెట్ చేస్తే ఆలస్యమైపోతుంది. వెలుగు చూసి కాలు కదలడానికి పావు సెకను పడుతుందనుకుందాం. 1వ గేరులో ఆర్‌పీఎం సెకనుకి 2,000 చొప్పున పెరుగుతుంటే ఆలోపే 500 దాటిపోతుంది. 4వ గేరులో 400 చొప్పున పెరిగితే పోయేది 100 మాత్రమే. అందుకే ఒకే అంకె పెట్టే లైట్ ఒక్క గేరుకే సరిగ్గా ఉంటుంది. వీలైతే గేరుకో అంకె పెట్టుకునేది కొనండి.

ఇంకొకటి, ముందు అద్దం పక్క పిల్లర్‌లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని మీద మీటర్ గానీ లైట్ గానీ స్క్రూ చేయొద్దు.

నాలుగో_గేరు:
ట్రాక్ ఆలోచన లేదు కాబట్టి లైట్ వద్దు. కొత్త కార్లలో కనిపించే గేరు బాణం కూడా ఇదే పని చేస్తుందా? డాంగిల్ సంగతి కూడా చెప్పండి.

క్రాంక్‌షాఫ్ట్:
కాదండి. ఆ బాణం ఇంధనం పొదుపు కోసం, తక్కువ ఆర్‌పీఎం దగ్గరే గేరు పెంచమంటుంది. ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరు నుంచి అమ్మే కొత్త మాన్యువల్ కార్లన్నిటికీ అది తప్పనిసరి చేశారు. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బాణం మాట వినక్కర్లేదు, ఇంజిన్ కొట్టుకుంటూ లాగుతుంటే గేరు దించాల్సిందే.

డాంగిల్‌తో ఐడిలింగ్, క్లచ్ పరీక్ష రెండూ హాయిగా చేసుకోవచ్చు. యాప్‌లో ఆర్‌పీఎం, వేగం తప్ప మిగతా రీడింగులన్నీ తీసేయండి, ఎన్ని ఎక్కువ అడిగితే ఒక్కోటి అంత నెమ్మదిగా మారుతుంది. రోజుల తరబడి బండి నిలిపి ఉంచేటట్లయితే డాంగిల్ పీకేయండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. మీ అవసరానికి ముందు ఇది పెట్టి చూసి, వైర్ల పని తర్వాత ఆలోచించండి.