వ్యాపారంలో నిజాయితీకి మూలం విశ్వాసమా, చిన్న సమాజమా?

ప్రశ్న:
డబ్బు విషయంలో దాదాపు ప్రతి మతమూ మనిషికి హద్దులు గీసింది. ఇస్లాం వడ్డీని నిషేధించి, ఏడాదిపాటు నిలిచిన సంపదలో రెండున్నర శాతాన్ని జకాత్‌గా ఇవ్వమంది. కన్నడనాట బసవేశ్వరుని బాటలో నడిచిన 12వ శతాబ్దపు శరణులు కాయకాన్నీ (కష్టించి పనిచేయడాన్నీ) దాసోహాన్నీ (సంపాదనను పదిమందితో పంచుకోవడాన్నీ) విడదీయలేదు. బౌద్ధం అష్టాంగ మార్గంలో జీవనోపాధికీ చోటిచ్చింది. అయినా అదే మతాన్ని నమ్మిన మనిషి తనను ఎరిగినవారి మధ్య ఒక తీరుగా, తననెవరూ ఎరగని పెద్ద మార్కెట్లో మరో తీరుగా నడుచుకోవడం చూస్తున్నాను. అలాంటప్పుడు ఆ నిజాయితీ విశ్వాసానిదా, ఎరిగిన ముఖాలదా? నమ్మినదాన్ని వ్యాపారంలో పాటించాలని ప్రయత్నిస్తున్నవాడిగా అడుగుతున్నాను.

సమాధానం 1:
రెండూ కావాలని నా అభిప్రాయం. 17వ శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు బేరం మానేసి ఒకే ధర చెప్పసాగారు. తీసుకోదలచినదానికంటే ఎక్కువ అడగడం అబద్ధమాడటమేనని వారు నమ్మారు. మొదట్లో గిరాకీ తగ్గినా ఆ నియమాన్ని వదలలేదు కనుక, దాన్ని వ్యాపారపు ఎత్తుగడ అనలేము. అయితే దానిని తరాలపాటు నిలిపింది వారి నెలవారీ సభ. తీర్చలేని అప్పులు చేసినవారిని, దివాలా తీసినవారిని ఆ సభ విచారించేది. తప్పు తేలితే సభ్యత్వం నుంచి తొలగించేది.

సమాధానం 2:
సమాజం చిన్నదైనంత మాత్రాన సరిపోదు, దానికి తగిన ఏర్పాటు ఉండాలి. జర్మనీలో మేయరుగా పనిచేసిన రైఫైజెన్ పొరుగువారిపట్ల క్రైస్తవ ప్రేమను గట్టిగా నమ్మినవాడు. 1849లో ఆయన స్థాపించిన సంఘం సంపన్నుల పూచీ మీద ఆధారపడింది. అలాంటి దాతృత్వం ఎక్కువకాలం నిలవదని అనుభవం నేర్పింది. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో అప్పు తీసుకునేవారినే సభ్యులుగా చేసి, ఒకరి బాకీకి అందరూ తమ ఆస్తులతో అపరిమితంగా బాధ్యులయ్యేలా పరపతి (అప్పులిచ్చే) సంఘాన్ని నిర్మించాడు. సంఘపు పరిధిని చిన్నదిగానే ఉంచమనేవాడు, ఎందుకంటే అప్పు తీసుకున్నవాడు దాన్ని దేనికి ఖర్చు చేశాడో పక్కవాడికి తెలియాలి. పొరుగువాడి బాకీకి నా ఆస్తి పూచీపడినప్పుడు అతని కష్టం నాకు వార్తగా మిగలదు. నా ఇంటి లెక్కలోకి వస్తుంది. ప్రబోధాలు చేయలేని పనిని ఈ ఒక్క నిబంధన చేసిందని నేను నమ్ముతున్నాను.

సమాధానం 3:
ఆ పూచీ సంఘపు సరిహద్దు దగ్గరే ఆగిపోతుందన్నది నా ఆందోళన. బైబిలులోని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం సహోదరుని వద్ద వడ్డీ తీసుకోవద్దంటూనే అన్యుని వద్ద తీసుకోవచ్చునంటుంది. చిన్న సమాజంలోని నీతికి ఉన్న రెండు ముఖాలూ ఆ రెండు వచనాల్లో కనబడతాయి. అంతేకాక, జీవనోపాధి, పరపతి, ఆరాధన అన్నీ ఒకే సమూహం చేతిలో ఉంటే, వెలివేతకు గురైనవాడు ఒక్కరోజులో అన్నిటినీ కోల్పోతాడు. ఆ భయం వల్ల పాటించే నిజాయితీని నేను విశ్వాసమని పిలవలేను. విశ్వాసం చేయవలసిన అసలు పని ఆ సరిహద్దును దాటించడం. లేవీయకాండము 19వ అధ్యాయంలో పరదేశిని నీవలె ప్రేమించమన్న ఆజ్ఞ వెంటనే వచ్చేది తూకాలూ కొలతలూ న్యాయంగా ఉండాలన్న ఆజ్ఞ. ఈ పొందిక నాకు ఎంతో లోతైనదిగా తోస్తుంది: పరాయివాడిపట్ల ప్రేమకు రుజువు త్రాసు దగ్గరే దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఎరిగినవారికి నేనిచ్చే తగ్గింపు ధర ఎరగనివారి మీద పడే భారమేమోనన్న ఆలోచన ఇప్పుడే కలిగింది. ఒకే ధర నియమాన్ని దృష్టిలో ఉంచుకుని దాన్ని సరిచూసుకుంటాను. రెండవ సమాధానమిచ్చినవారిని ఒకటి అడుగుతాను: అపరిమిత బాధ్యత ఉన్నచోట కొత్తవారిని, ముఖ్యంగా పేదవారిని, చేర్చుకోవడానికి సభ్యులు వెనుకాడరా?

సమాధానం 2 ఇచ్చినవారు:
వెనుకాడే ప్రమాదం ఉంది, కాదనను. అందుకే రైఫైజెన్ మిగులును సభ్యులకు పంచకుండా, ఎన్నటికీ విభజించరాని నిధిగా ఉంచాలని పట్టుబట్టాడు. పంచుకోవడానికి వాటాయే లేనప్పుడు, కొత్తవాడు వస్తే తన వాటా తగ్గుతుందన్న లెక్క పుట్టదు. బాకీ భయం మాత్రం మిగులుతుంది. దాన్ని తీర్చగలిగిన నిబంధన నాకెక్కడా కనబడలేదు. అక్కడ మీ విశ్వాసమే పనిచేయాలి.