కీ నొక్కిన తరువాత స్వరం ఆలస్యంగా వినిపిస్తోంది: ఏం మార్చాలి?

రాయగడ నుంచి ప్రశ్న

పెద్దలకు నమస్కారం. మా ఇంటి వెనుక గదిలో మజ్జిగౌరమ్మ భజనలను తెలుగులోనూ ఒడియాలోనూ రికార్డు చేస్తుంటాను. 61 కీల కీబోర్డును యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో మిడి ట్రాక్ (శబ్దాన్ని కాక, ఏ కీ ఎప్పుడు నొక్కామో రాసుకునేది) తెరిచి, ప్లగిన్‌లోని (అందులో చేర్చుకునే వాద్య సాఫ్ట్‌వేర్‌లోని) హార్మోనియం శబ్దంతో వాయిస్తాను. కీ నొక్కడానికీ స్వరం చెవిన పడడానికీ మధ్య స్పష్టంగా తెలిసేంత ఎడం ఉంటోంది. నిదానంగా సాగే పల్లవి వరకు ఎలాగో నెట్టుకొస్తున్నాను కానీ, చివర తాళం జోరందుకునేసరికి డోలక్ ఒక దారి, నా వేళ్లు ఒక దారి అవుతున్నాయి. కీబోర్డు కొన్న దుకాణంవారు కేబుల్ నాసిరకమని చెప్పి ఇప్పటికి రెండు కొత్త కేబుళ్లు అంటగట్టారు. విండోస్‌తో వచ్చిన సౌండ్ డ్రైవర్‌నే వాడుతున్నాను. బఫర్ (శబ్దాన్ని బయటికి పంపేముందు కంప్యూటర్ కూడబెట్టుకునే నిలవ) 1024 ఉంది. 64కు దించితే శబ్దమంతా చిటపటలాడుతోంది. దయచేసి దారి చూపగలరు.

బరంపురం నుంచి జవాబు

మూడో కేబుల్ మాత్రం కొనకండి. 1983 నాటి మిడి ప్రమాణం ప్రకారం పాత గుండ్రటి పిన్నుల కేబుల్‌లో కూడా సెకనుకు 31,250 బిట్లు వెళ్తాయి. ఒక కీ నొక్కిన కబురు 30 బిట్లే కనుక ఒక్క మిల్లీసెకనులోపే అది కంప్యూటర్‌కు చేరుతుంది. యూఎస్‌బీ అంతకన్నా వేగం. ఆలస్యమంతా ఆ కబురును శబ్దంగా మార్చి బయటికి పంపే చోట జరుగుతోంది.

బఫర్‌లోని శాంపిళ్ల (శబ్దపు చిన్న ముక్కల) సంఖ్యను శాంపిల్ రేటుతో, అంటే సెకనుకు ఎన్ని శాంపిళ్లో ఆ సంఖ్యతో, భాగిస్తే ఆ ఆలస్యంలో బఫర్ వాటా తెలుస్తుంది. 44,100 రేటు వద్ద 1024 అంటే సుమారు 23 మిల్లీసెకన్లు, 256 అయితే ఆరుకు కొంచెం తక్కువ. శబ్దం గాలిలో మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి, మీ హార్మోనియం మీ ఒళ్లో కాక మండపానికి ఆ చివర, ఎనిమిది మీటర్ల అవతల మోగుతున్నట్లు లెక్క. విండోస్ సాధారణ డ్రైవర్ దీనికి తోడు తన మిక్సర్ (అన్ని ప్రోగ్రాముల శబ్దాలనూ కలిపే భాగం) ఆలస్యాన్నీ కలుపుతుంది. ఆ మిక్సర్‌ను తప్పించి నేరుగా సౌండ్ కార్డుతో మాట్లాడేందుకే స్టైన్‌బర్గ్ సంస్థ ఏసియో పద్ధతిని తెచ్చింది. మీకు విడిగా ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, హెడ్‌ఫోన్లను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) లేదు కనుక ఉచితంగా దొరికే ఏసియో4ఆల్ వేసుకుని, రీపర్ ప్రిఫరెన్సెస్‌లో ఆడియో డివైస్ వద్ద ఏసియోను ఎంచుకోండి. ఒక్కసారే 64కు దూకకుండా 256తో మొదలుపెట్టి, చిటపటలు రానంత వరకు దించుతూ రండి.

అయినా ఒక అనుమానం. 23 మిల్లీసెకన్లకే చేయి ఇంతగా తడబడదు. మీరు వింటున్నది ఏ హెడ్‌ఫోన్లలో?

రాయగడ

బ్లూటూత్‌వండీ. రాత్రిపూట ఇంట్లోవారికి ఇబ్బంది కలగకూడదని కొన్నాను.

పర్లాకిమిడి నుంచి జవాబు

దొంగ దొరికాడు. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, అవతల విప్పి, తెగకుండా ఉండేందుకు కొంత నిలవ చేసి వినిపిస్తారు. ఇందుకు నూరు, రెండు వందల మిల్లీసెకన్లు పట్టడం మామూలే. బఫర్‌ను ఎంత దించినా ఇది తగ్గదు. వైరు ఉన్న హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

చిటపటల విషయానికి వస్తే, మన వైపు కరెంటు పోవడం కొత్త కాదు కదా, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారిన వెంటనే విండోస్ ప్రాసెసర్ వేగాన్ని తగ్గించవచ్చు. పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌లో ఉంచి, ఛార్జర్ తగిలించి, వైఫై ఆపి రికార్డు చేయండి. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్‌గానీ (శబ్దం హద్దు మీరకుండా ఆపేది) లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్‌గానీ (హెచ్చు తగ్గు స్వరాల పాళ్లు సరిదిద్దేది) ఉంటే తీసివేయండి. అవి రాబోయే శబ్దాన్ని ముందుగా చూసుకోవడానికి మొత్తాన్నీ ఆపి ఉంచుతాయి. వాటి పని మిక్సింగులో, అంటే రికార్డు అయ్యాక ట్రాకులను కలిపి సరిదిద్దేటప్పుడు. అప్పుడు బఫర్‌ను మళ్లీ 1024కు పెంచుకున్నా నష్టం లేదు.

నేనైతే ఇంకో మొరటు పని చేస్తాను. ప్లగిన్ శబ్దాన్ని మ్యూట్ చేసి, కీబోర్డు సొంత స్పీకర్లలో వచ్చే స్వరాన్నే వింటూ మిడి రికార్డు చేస్తాను. వేళ్లకూ చెవికీ మధ్య కంప్యూటరే ఉండదు. హార్మోనియం శబ్దాన్ని తరువాత తగిలిస్తాను.

సిరొంచ నుంచి జవాబు

పై సలహాలన్నీ సరైనవే. ఇంటర్‌ఫేస్ కొనమని ఎవరైనా చెబితే ఒక్క మాట గుర్తుంచుకోండి. దాని మీద ఉండే డైరెక్ట్ మానిటర్ మీట మైకులో పాడే గొంతుకు ఉపయోగపడుతుందే తప్ప, కంప్యూటర్ లోపల పుట్టే ప్లగిన్ స్వరానికి పనికిరాదు. అది తెలియక నేను రెండు నెలలు ఆ మీటనే తిప్పుతూ కూర్చున్నాను. మీ పనికి దానితోపాటు వచ్చే ఏసియో డ్రైవరే ముఖ్యం.

రాయగడ

మా తమ్ముడి ఫోనుతో వచ్చిన వైరు హెడ్‌ఫోన్లు, ఏసియో4ఆల్, బఫర్ 256. డోలక్‌తో పాటు చివరి చరణం ఆగకుండా వాయించాను. అందరికీ కృతజ్ఞతలు. పాత రికార్డింగులలో మాత్రం నా స్వరాలన్నీ తాళం కన్నా ముందే పడి ఉన్నాయి. ఆలస్యంగా వినిపించినవి ముందు పడడమేమిటి?

బరంపురం

ఆలస్యంగా వినబడుతోందని మీ చేయి మీకు తెలియకుండానే ముందుగా నొక్కడం అలవాటు చేసుకుంది. రీపర్ మీరు నొక్కిన క్షణాన్నే రాసుకుంది. వాటిని క్వాంటైజ్ (ప్రతి స్వరాన్నీ తాళపు గళ్లకు సరిగ్గా అతికించడం) చేయకండి, భజనలోని ఊపు పోతుంది. ఒక ట్రాక్‌లోని స్వరాలన్నిటినీ కలిపి పట్టుకుని, డోలక్ మొదటి దెబ్బతో సరిపోయేంత వరకు కుడివైపుకు జరపండి.