జర్మన్ కంపెనీకి ఇంటి నుంచే కాంట్రాక్టరుగా పని: రాబడి రెట్టింపు, నాన్నగారి బీమా మాటేమిటి?

పలాస_పప్పు అడిగిన ప్రశ్న:

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మా ఊరి నుంచే పనిచేస్తున్నాను. ఊరు ఉద్దానంలో, పలాసకు దగ్గర. చేరిందే కరోనా కాలంలో కనుక ఆఫీసు ముఖం చూసింది తక్కువ. వెబ్ పేజీలు తయారుచేసే రియాక్ట్, టైప్‌స్క్రిప్ట్ నా పని. ప్యాకేజీ అంతా కలిపి ఏడాదికి 14 లక్షలు. వచ్చే మార్చికి ఐదేళ్లు నిండుతాయి.

ఇప్పుడు జర్మనీలోని ఒక చిన్న కంపెనీ పిలుస్తోంది. దంతవైద్యశాలలకు అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేస్తారు. నెలకు 2,600 యూరోలు. రూపాయల్లో చూస్తే ఇప్పటిదానికి రెట్టింపు. పని కూడా నచ్చింది. పరీక్షగా ఒక క్యాలెండర్‌ను సరిచేయమన్నారు, దానికి డబ్బు కూడా ఇచ్చారు. అక్కడ అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. తెల్లవారుజామున రెండు నుంచి మూడు దాకా ఉండే గంట రెండుసార్లు వస్తుంది. ఆ వేళకు పెట్టిన రిమైండర్లు కొందరికి రెండేసి వెళ్తున్నాయి. ఏడాది పొడవునా గడియారం జోలికి పోని దేశంలో పుట్టినదాన్ని, ఆ చిక్కు విప్పుతుంటే భలే సరదాగా అనిపించింది. వేళలు కూడా పరవాలేదు. వాళ్ల ఉదయం తొమ్మిది మనకు చలికాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర, వేసవిలో పన్నెండున్నర. అమెరికా టీముతో అర్ధరాత్రి మీటింగుల్లో కూర్చునే నా స్నేహితులకన్నా నయమే.

చిక్కల్లా ఏమిటంటే వాళ్లకు భారతదేశంలో కంపెనీ లేదు. నన్ను ఉద్యోగిగా కాకుండా స్వతంత్ర కాంట్రాక్టరుగా తీసుకుంటారట. నెలనెలా నేనే ఇన్‌వాయిస్ పంపాలి. పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు, బీమా ఉండదు. మొదటి రెండూ లెక్క వేసుకోగలను. మూడోదే నిద్రపట్టనివ్వడం లేదు. ఉద్దానం అనగానే మీకు కిడ్నీ జబ్బే గుర్తొస్తుందని నాకు తెలుసు. మా నాన్నగారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) కొంతకాలంగా పెరుగుతోంది, ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. ఇప్పటి కంపెనీ గ్రూపు బీమాలో అమ్మానాన్నలిద్దరూ ఉన్నారు. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తించే పాలసీ అది. బయట పాలసీ కోసం ఇద్దరు ఏజెంట్లను అడిగాను. రిపోర్టులు పంపాక ఒకాయన మళ్లీ ఫోను ఎత్తలేదు, రెండో ఆయన ఎత్తి "చూద్దాం లెండి" అన్నారు.

ఇంకొకటి, తుఫాన్లు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు రోజుల తరబడి లేదు. ఉద్యోగినైతే సెలవు పెడతాను. కాంట్రాక్టరు ఎవరికి సెలవు పెట్టాలి?

ఇలా మారినవాళ్లు ఉంటే చెప్పండి. హైదరాబాద్ వచ్చేయమనే సలహా మాత్రం వద్దు, అది మా పెద్దమ్మ వారానికోసారి ఇస్తూనే ఉంది.

పద్దుల_పంతులు:

రాజమండ్రిలో లెక్కలు రాసేవాణ్ణి, పన్నుల సంగతి వరకు చెబుతాను. ఏడాదికి 20 లక్షలు దాటుతుంది కనుక జీఎస్టీ నమోదు తప్పదు. భయపడకండి. విదేశీ కంపెనీకి చేసే పని సేవల ఎగుమతి కిందికి వస్తుంది, పన్ను సున్నా. అందుకు జీఎస్టీ పోర్టల్‌లో ఎల్‌యూటీ, అంటే పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం, దాఖలు చేయాలి. ఒక్కో ఇన్‌వాయిస్‌కు డబ్బు ఏ విదేశీ చెల్లింపుగా వచ్చిందో చూపే ధ్రువపత్రాన్ని బ్యాంకు నుంచి తీసుకుని దాచండి. అదే రేపు మీ సాక్ష్యం.

ఆదాయపు పన్నులో వృత్తి నిపుణులకు అంచనా పద్ధతి ఒకటుంది. రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల బిల్లులు చూపనక్కరలేదు. పరిమితి 50 లక్షలు, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షలు. అంటే చేతికి రెట్టింపు వచ్చినా పన్ను పడే ఆదాయం మీ ఇప్పటి జీతానికి అటూ ఇటూగానే ఉంటుంది. అయితే ఒప్పందం చదివితే ఉద్యోగపు కాగితంలా ఉండకూడదు. ఉంటే అధికారి దాన్ని జీతమే అనవచ్చు, అప్పుడు ఆ సగం వెసులుబాటు పోతుంది. జీతంలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోసేవారు ఉండరు కనుక ముందస్తు పన్ను మార్చి 15లోగా మీరే కట్టాలి. వచ్చిన డబ్బులో కొంత ప్రతి నెలా వేరే ఖాతాలో వేసి, దాన్ని మరచిపోండి.

ఇల్లు కొనే ఆలోచన ఉంటే రుణం ముందే తీసుకోండి. కాంట్రాక్టరుగా మారితే బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి.

క్లెయిముల_రాణి:

నేను బీమా క్లెయిములు చూసే సంస్థలో చాలా కాలం పనిచేశాను. మీ ప్రశ్నలో అసలైనది బీమాయే, మిగతావన్నీ డబ్బుతో సర్దుకునేవి.

ఏజెంట్లను కొత్త పాలసీ అడగడం ఆపండి. మీ గ్రూపు పాలసీ ఏ బీమా సంస్థదో హెచ్ఆర్‌ను అడిగి, అదే సంస్థలో అమ్మానాన్నలకు వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు పెట్టండి. దీన్ని మైగ్రేషన్ అంటారు. పాత జబ్బులకు పెట్టగల నిరీక్షణ గడువును (అది గడిచేదాకా వాటికి క్లెయిము ఇవ్వరు) 2024లో 48 నెలల నుంచి 36కు తగ్గించారు. గ్రూపులో గడిపిన కాలాన్ని ఆ గడువులోంచి తీసివేస్తారు. మీ నాన్నగారు మూడేళ్లకు పైగా ఆ పాలసీలో ఉంటే ఇది చాలా పెద్ద సంగతి. పాత బీమా మొత్తం కన్నా ఎక్కువకు తీసుకుంటే ఆ పెరిగిన భాగానికి మాత్రం గడువు మళ్లీ మొదటి నుంచి.

కానీ గట్టిగా నమ్ముకోవద్దు. రిపోర్టులు చూసి ఒప్పుకోవాలా వద్దా అనేది సంస్థ ఇష్టం. ప్రీమియం పెంచవచ్చు, కాదనవచ్చు కూడా. అందుకే వరుస ముఖ్యం. గ్రూపు రక్షణ సాధారణంగా మీ ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. దానికి కనీసం 30 రోజుల ముందే దరఖాస్తు వాళ్ల చేతిలో ఉండాలి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే రాజీనామా. క్రియాటినిన్ సంగతి ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచిన పాలసీలు ఆసుపత్రి బిల్లు దగ్గర ఎలా చచ్చిపోతాయో నేను చూశాను.

బొబ్బిలి_బ్రాంచి:

నేను యూరప్ కంపెనీకి కాంట్రాక్టరుగానే చేస్తున్నాను, ఊరు బొబ్బిలి. జర్మనీ వాళ్లను సెలవులు అడగడానికి మొహమాటపడకండి. అక్కడ వారానికి ఐదు రోజులు పనిచేసే ఉద్యోగికి ఏడాదికి 20 రోజుల జీతపు సెలవు చట్టం ఇచ్చిన కనీసం, చాలా కంపెనీలు అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. జబ్బు చేస్తే ఆరు వారాల దాకా యజమానే పూర్తి జీతం ఇస్తాడు. వాళ్లకు అవి మామూలు సంగతులు. నేరుగా "సెలవు" అని రాస్తే పంతులుగారు చెప్పిన ఇబ్బంది వస్తుంది కనుక, ఏడాదికి ఇన్ని పనిదినాలకు ఇంత మొత్తం, పన్నెండు సమాన వాయిదాలు అని రాయించుకోండి. మేము అలాగే చేశాం.

తుఫాను గురించి కూడా ఒక వాక్యం పెట్టించండి. ప్రకృతి వైపరీత్యంలో పని ఆగితే ఒప్పందం ఉల్లంఘించినట్టు కాదని. ఇక ఇంట్లో ఇన్వర్టరుకు ఫైబర్ పెట్టె, రౌటరు రెండూ కలపండి. అయినా పెద్ద తుఫానుకు అది చాలదు, తీగ తెగితే ఇన్వర్టరు ఏమి చేస్తుంది? ఫోను టవరు బ్యాటరీలు కూడా ఎంతోసేపు నిలవవు. హెచ్చరిక రాగానే నేను లాప్‌టాప్‌తో విజయనగరంలో చుట్టాలింటికి పోతాను. ఆ వారం చేసిన కోడు ఏ పూటకు ఆ పూట టీము ఉమ్మడి కోడులోని నా బ్రాంచిలోకి నెట్టేస్తాను, నేను మాయమైనా ఇంకొకరు అందుకుంటారు.

ఒకటి అడిగి చూడండి: ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ సంస్థ ద్వారా తీసుకుంటారా అని. ఇక్కడ నమోదైన ఆ సంస్థ మిమ్మల్ని తన ఉద్యోగిగా రాసుకుని పీఎఫ్, టీడీఎస్, గ్రూపు బీమా చూసుకుంటుంది. జర్మనీ కంపెనీ దానికి నెలకు కొంత రుసుము కడుతుంది.

పలాస_పప్పు:

అందరికీ కృతజ్ఞతలు. బొబ్బిలి_బ్రాంచి గారు, ఆ మాట ఈ రోజే వాళ్లను అడిగాను. ఆలోచిస్తామన్నారు, కాదనలేదు. రాణి గారు, హెచ్ఆర్‌ను అడిగితే అనుమానం రాదా అనుకున్నాను. బీమా కార్డు మీదే సంస్థ పేరు ఉంది, అడగాల్సిన అవసరమే లేకపోయింది. నాన్నగారు పాలసీలో చేరి మూడేళ్లు దాటింది. దరఖాస్తు ఈ వారమే పెడుతున్నాను. మార్చి దాకా ఆగగలరా అని జర్మనీ వాళ్లను అడిగాను, ఐదేళ్లు నిండితే వచ్చే గ్రాట్యుటీ వదులుకోవడం ఎందుకు? అప్పటిదాకా వారాంతాల్లో కొంచెం కొంచెం చేసిపెట్టమంటున్నారు.

పద్దుల_పంతులు:

వారాంతపు పని ఒప్పుకోకముందు ఇప్పటి ఉద్యోగపు ఒప్పందం తీసి చూడండి. మరో చోట పనిచేయకూడదనే షరతు చాలావాటిలో ఉంటుంది, గ్రాట్యుటీకి ముందు ఆ తగవు వద్దు. ఎల్‌యూటీ కూడా మార్చి 31తో ముగుస్తుంది, అది ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ఏప్రిల్‌లో మొదలుపెడితే మొదటి ఇన్‌వాయిస్‌కు ముందే కొత్త ఏడాదిది వేయండి.

క్లెయిముల_రాణి:

అమ్మగారి పేరు కూడా అదే దరఖాస్తులో పెట్టారా? చాలామంది జబ్బున్నవారికే రాసి రెండో వారిని వదిలేస్తారు. ఇక ఆ ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ పద్ధతికి జర్మనీ వాళ్లు ఒప్పుకుంటే, ఆ సంస్థ గ్రూపు పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో ముందే కాగితం మీద చూడండి. అలాంటి పాలసీలు ఎక్కువగా ఉద్యోగి, భార్య లేదా భర్త, పిల్లలతోనే ఆగిపోతాయి.