సమస్య: గోలు లేనివాఁడె గొప్పవాఁడు

సంచాలకుడు:
ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదము. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో చిరకాలం గోల్‌కీపరుగా నిలిచి, ఆ తరువాత శిక్షకుడైన ఆటగాని జీవితమే పూరణకు విషయము. నా మనసులో ఉన్నవాడు రే క్లెమెన్స్. 1948లో స్కెగ్నెస్ అనే సముద్రతీరపు ఊరిలో పుట్టి, స్కంథార్ప్ జట్టులో ఆడుతూ, ఆట లేని వేసవిలో తీరంలో విహారులకు కుర్చీలు అద్దెకిచ్చే పని చేసుకుంటున్న పందొమ్మిదేళ్ల లోపు కుర్రవానిని 1967లో లివర్‌పూల్ క్లబ్బు 18,000 పౌండ్లకు తీసుకున్నది. అక్కడ ఆయన ఐదు లీగు విజయాలలోను, మూడు యూరోపియన్ కప్పులలోను పాలుపంచుకొని, 1981లో టాటెన్‌హామ్‌కు వెళ్లి, 1988లో ఆట మానినాడు. తరువాత బార్నెట్ జట్టుకు మేనేజరుగా పనిచేసి, 1996 నుండి ఇంగ్లండు జట్టు గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చినాడు. 2020 నవంబరు 15న కన్నుమూసినాడు.

‘గోలు’ అన్యదేశ్యమే అయినా ఆట చూచే తెలుగువారందరి నోట ఉన్న మాట కనుక దానిని అంగీకరిస్తున్నాను. అయితే జీవితాశయం అనే అర్థంలో మాత్రం వాడవద్దని మనవి, ఎందుకంటే ఆ అర్థంలో పూరిస్తే పద్యం మైదానం విడిచి నీతిబోధలోకి వెళ్లిపోతుంది.

తెనాలి సభ్యుడు:
ఆఱు వంద లఱువ దైదాట లాడియు
నొక్కటైన వలను నుంచలేని
రేక్లెమెన్సు పరుల రిక్తులఁ జేసెను
గోలు లేనివాఁడె గొప్పవాఁడు.

సంచాలకుడు:
మొదటి పూరణే సూటిగా ఉన్నది, అభినందనలు. లివర్‌పూల్ తరఫున ఆయన ఆడినవి సరిగా 665 ఆటలే. స్కంథార్ప్, టాటెన్‌హామ్, ఇంగ్లండు ఆటలు కూడ కలిపితే లెక్క వేయి దాటుతుంది కాని, పద్యానికి ఈ సంఖ్యే అందము. ‘రిక్తులఁ జేసెను’ అన్నది నాకు చాల నచ్చినది, ఎందుకంటే తాను గోలు వేయకపోవడాన్ని, ఎదుటివారిని వేయనీయకపోవడాన్ని ఆ ఒక్క క్రియ కలిపి కట్టినది. ఒక్క సవరణ చెబుతాను. ‘నుంచలేని’ అంటే చేతకానివాడన్న అర్థం వస్తుంది. గోలు వేయడం ఆయన పనే కానప్పుడు చేతకానితనం మాట ఎందుకు? పైగా సమస్యలో మరల ‘లేని’ ఉన్నది. ‘నుంచకున్న’ అనండి. గణం మారదు, అర్థం నిలుస్తుంది.

హనుమకొండ సభ్యురాలు:
అయ్యా, మొదటి పాదంలో ‘ఆ’కు ‘దై’తో యతి ఎలా చెల్లినదో నాకు తెలియలేదు.

సంచాలకుడు:
అమ్మా, ‘అఱువది’, ‘ఐదు’ సంధిలో కలిసి ‘అఱువదైదు’ అయినవి. అక్కడ దకారాన్ని విడిచి ‘ఐ’ అనే అచ్చును గ్రహించాలి. ఆకారానికి ఐకారంతో స్వరయతి చెల్లుతుంది.

హనుమకొండ సభ్యురాలు:
ధన్యవాదాలు. ఇదిగో నా ప్రయత్నము. లివర్‌పూల్ ఆడిన 1978-79 లీగు మీద వ్రాసినాను.

నలువదియును రెండు నాటల లోపలఁ
బదియు నాఱె సొచ్చె బంతులపుడు
ఇరువదెనిమిదింట నెదిరికి సున్నయే
గోలు లేనివాఁడె గొప్పవాఁడు.

సంచాలకుడు:
42 ఆటలు, 16 గోలులు, ఒక్క గోలైనా ఇవ్వని ఆటలు 28. మూడు లెక్కలనూ తప్పులేకుండ ఆటవెలదిలో ఇమిడ్చినారు. లెక్కలు పద్యంలో సాధారణంగా ఎండుకట్టెల వలె నిలుస్తాయి కాని, ‘ఎదిరికి సున్నయే’ అన్నచోట ఇవి పలికినవి. దోషం మొదటి పాదంలో ఉన్నది. ‘రెండు’కు ‘ఆటల’ పరమైతే ఉత్వసంధి జరిగి ‘రెండాటల’ కావాలి, నడుమ నకారం రాదు. యతి చెడకుండ ‘నలువదియును రెండు నడచిన పోరులఁ’ అని మార్చుకోవచ్చును.

కర్నూలు సభ్యుడు:
పద్యం బాగున్నది కాని, విషయంలో నాకొక అభ్యంతరం ఉన్నది. ఆ పదహారు గోలుల ఘనత అంతా క్లెమెన్స్‌దేనా? ఆయన ముందు ఫిల్ థాంప్సన్, అలన్ హాన్సెన్, ఫిల్ నీల్ వంటి రక్షకులు ఉన్నారు. అప్పటి నిబంధన కూడ వేరు. సొంత ఆటగాడు వెనుకకు తన్నిన బంతిని గోల్‌కీపరు చేతులతో పట్టుకోవచ్చును. 1992 వరకు ఆ వెసులుబాటు ఉండేది.

సంచాలకుడు:
మీ మాట న్యాయమైనదే. అయితే బలమైన రక్షణ వెనుక నిలిచేవాని కష్టం వేరొకటి ఉన్నది. గంటసేపు బంతి ముఖం చూడకుండ నిలబడి, హఠాత్తుగా వచ్చే ఆ ఒక్క దెబ్బకు సిద్ధంగా ఉండాలి. మనసు ఒక్క క్షణం చెదరినా ఆట పోతుంది. క్లెమెన్స్ గొప్పతనం నా దృష్టిలో ఆ ఏకాగ్రతే. దానికి తోడు, రక్షకుల వెనుక ఖాళీ కనబడితే గోలు ముందరి పెనాల్టీ పెట్టె విడిచి ముందుకు పరుగెత్తి బంతిని తన్నివేసే చొరవ ఆయనకు ఆ రోజులలోనే ఉండేది. రక్షకులు అంత ధైర్యంగా పైకి వెళ్లగలగడానికి అదీ ఒక కారణమే.

కర్నూలు సభ్యుడు:
ఒప్పుకుంటున్నాను. నా పూరణ మాత్రం పీటర్ షిల్టన్ మీద.

షిల్టనుండె నాఁడు సీమజట్టున నూట
యిరువదైదు పోరు లెలమి నిలిచి
జగతికప్పునందు జడియక పదియింట
గోలు లేనివాఁడె గొప్పవాఁడు.

సంచాలకుడు:
షిల్టన్ కూడ తరువాత ప్లిమత్ జట్టుకు మేనేజరైనాడు కనుక విషయానికి తగినవాడే. ఇంగ్లండుకు 125 ఆటలు, ప్రపంచకప్పులో గోలు ఇవ్వని ఆటలు పది, రెండూ సత్యమే. కాని ఒక చిక్కు ఉన్నది. 1967లో లెస్టర్ జట్టులో ఉండగా షిల్టన్ స్వయంగా సౌతాంప్టన్ మీద ఒక గోలు వేసినాడు! తెనాలివారి అర్థంలో అయితే ఈ సమస్య షిల్టన్‌కు చెల్లదు. మీరు ‘పదియింట’ అని హద్దు గీసినారు కనుక నిలబడినది. ఇక ‘జగతికప్పు’ వైరిసమాసము, సంస్కృత పదానికి అన్యదేశ్యాన్ని అతికినారు. ‘జగపు కప్పునందు’ అంటే సరిపోతుంది.

క్లెమెన్స్‌కు దేశం తరఫున దక్కినవి 61 ఆటలే కావడానికి కారణం ఈ షిల్టనే. రాన్ గ్రీన్‌వుడ్ మేనేజరుగా ఉన్న కాలంలో ఎవరిని తీసుకోవాలో తేల్చుకోలేక ఇద్దరినీ మార్చి మార్చి ఆడించేవాడు. వేరొక కాలంలో పుట్టి ఉంటే క్లెమెన్స్ నూరు దాటేవాడని నేను గట్టిగా నమ్ముతాను.

బర్మింగ్‌హామ్ సభ్యుడు:
అందరూ గోలులు లేని ఆటలనే పొగడుతున్నారు కనుక, నేను సమస్యను ప్రశ్నగా త్రిప్పినాను.

కాళ్ల నడుమ దూరెఁ గడు సులువుగ బంతి
డెబ్బదాఱునాఁడు డిల్లపడియె
మఱల లేచెఁ గాదె మానక, యేరీతి
గోలు లేనివాఁడె గొప్పవాఁడు?

సంచాలకుడు:
కాకువుతో, అంటే ప్రశ్నించే గొంతుతో, పూరించినారు, చాల బాగున్నది! తెలియనివారి కోసం సందర్భం చెబుతాను. 1976 మే నెలలో గ్లాస్గోలోని హాంప్డెన్ పార్కులో ఇంగ్లండుతో జరిగిన ఆటలో స్కాట్లండు ఆటగాడు కెన్నీ డాల్గ్లిష్ కొట్టిన బంతి క్లెమెన్స్ కాళ్ల సందునుండి దూరి వలలో పడినది. స్కాట్లండు 2-1తో గెలిచినది. ఆ మరుసటి ఏడు ఆ డాల్గ్లిషే లివర్‌పూల్‌కు వచ్చి క్లెమెన్స్‌తో ఒకే జట్టులో ఆడినాడు. ఆ ముచ్చట మూడవ పాదంలో ఇమిడితే ఇంకా బాగుండేది. దోషం వెదకినాను, కనబడలేదు. 1973 యూఎఫా కప్పు ఫైనలులో ఎదుటి జట్టు ఆటగాడు హైంకెస్ కొట్టిన పెనాల్టీని క్లెమెన్స్ ఆపడం గురించి ఎవరూ వ్రాయలేదు. రెండు ఆటలుగా జరిగిన ఆ ఫైనలులో లివర్‌పూల్ గెలుపు మొత్తం మీద 3-2 మాత్రమే కనుక, ఆ పెనాల్టీ దూరి ఉంటే కప్పు చేజారేదేమో. ఆ చేతుల మీద పద్యం వస్తుందని ఎదురు చూచినాను.

విశాఖ సభ్యురాలు:
నేను ‘గోలు’ను గోలుస్తంభాలుగా తీసుకున్నాను. శిక్షకునికి నిలబడడానికి గోలు ఉండదు కదా.

వలను విడిచి గీఁత వద్దనె నిలుచుండి
చేతి యొడుపులెల్లఁ జెప్పి చెప్పి
తనదు చోట నొరులఁ దగ నిల్పు గురువైన
గోలు లేనివాఁడె గొప్పవాఁడు.

సంచాలకుడు:
అమ్మా, విషయంలోని రెండవ సగాన్ని పట్టుకున్నది మీరొక్కరే. తక్కినవారంతా ఆటగానిని పాడినారు, మీరు గురువును చూచినారు. ‘తనదు చోట నొరులఁ దగ నిల్పు’ అన్న పాదం నన్ను కదిలించినది. ఇరవై ఏళ్లకు పైగా తాను కాపాడిన చోటును మరొకరికి అప్పగించి, డేవిడ్ సీమన్ వంటివారిని అక్కడ నిలబెట్టి, తాను ప్రక్కకు తొలగడం ఎంత మనసున్నవాడు చేయగల పని! ‘ఒడుపు’ అన్న మాటకు సాటి లేదు.

బర్మింగ్‌హామ్ సభ్యుడు:
పద్యం మనోహరంగా ఉన్నది. అయితే గోల్‌కీపర్ల శిక్షకుడు గీత వద్ద ఊరక నిలుచుండడు. కుడికి, ఎడమకు, ఎత్తుగా, నేలబారుగా వందల బంతులు తానే తన్ని, శిష్యునిచేత పట్టిస్తాడు. ఆ శ్రమ పద్యంలో రాలేదు.

విశాఖ సభ్యురాలు:
నిజమే, ఆ కదలిక నాకు తోచలేదు. మొదటి పాదం మార్చినాను, దయచేసి చూడండి.

వలను విడిచి గీఁత వద్ద బంతులఁ దన్ని
చేతి యొడుపులెల్లఁ జెప్పి చెప్పి
తనదు చోట నొరులఁ దగ నిల్పు గురువైన
గోలు లేనివాఁడె గొప్పవాఁడు.