చర్చ: దోమల కోసం కుంటల్లో గంబూసియా చేపలు వదలడం మేలా, కీడా?

తూనీగరెక్క (చర్చ మొదలుపెట్టినవారు)

దోమలు పెరిగాయని నాలుగు ఫిర్యాదులు వస్తే చాలు, బకెట్లలో గంబూసియా అనే, దోమ పిల్లల్ని తినే చిన్న చేపలు తెచ్చి కనబడిన నీళ్లలో కుమ్మరించేస్తారు. మందు కొట్టడం కంటే చేప నయం, ప్రకృతి పని ప్రకృతే చూసుకుంటుంది అంటారు. నా గొడవంతా ఆ మాటతోనే. ఈ చేపను ప్రకృతి తెచ్చిందా? దీని పుట్టిల్లు అమెరికా ఆగ్నేయ భాగం. 1905లో టెక్సస్ నుంచి హవాయికి, 1925లో ఆస్ట్రేలియాకి, 1928లో ఇటలీ నుంచి ఇండియాకి, అన్నిచోట్లకీ మనుషులే మోసుకెళ్లారు. ఇప్పుడు అంటార్కిటికా తప్పితే ఇది లేని ఖండం లేదు. ప్రపంచంలో అతి చేటైన వంద ఆక్రమణ జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) నిపుణులు వేసిన జాబితాలో దీని పేరుంది. దోమల కోసం దీన్ని వాడమని చెప్పడం ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లోనే మానేసింది.

కాబట్టి నా వాదన ఇదీ: సహజంగా ఏర్పడిన కుంటలో, చెరువులో, వాగులో ఒక్క గంబూసియాను కూడా వదలకూడదు. కాదనేవాళ్లు రండి.

జ్వరాలడ్యూటీ

నేను కాదంటాను. దోమల నివారణ పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. తూనీగరెక్క గారూ, మీరు గట్టు మీద నిలబడి నీళ్లలోకి చూస్తున్నారు, నేను జ్వరమొచ్చిన పిల్లల మంచం పక్క నుంచి చూస్తున్నాను. 2023లో ఒక్క మలేరియాతోనే ప్రపంచంలో 5,97,000 మంది చనిపోయారని అదే ఆరోగ్య సంస్థ లెక్క చెబుతోంది.

చేప వద్దంటే నాకు మిగిలేది టెమిఫాస్, లేదా నీటి మీద పొర కట్టే నూనె. టెమిఫాస్ పురుగుల నాడుల మీద పనిచేసే మందు. ఇది దోమ పిల్ల, ఇది తూనీగ పిల్ల అని దానికేం తెలుసు? నూనె పొర పరుచుకుంటే పైకొచ్చి గాలి పీల్చుకునే పురుగులన్నీ ఊపిరాడక పోతాయి. పైగా రెండూ మళ్లీ మళ్లీ చల్లాలి. చేప అలా కాదు, ఒకసారి వదిలితే తన సంతానాన్ని తనే పెంచుకుంటుంది. రష్యాలో సోచి పక్కన ఆడ్లర్‌లో మలేరియా తగ్గించిందని ఈ చేపకు విగ్రహమే పెట్టారు. ఊరికే పెట్టరు కదా?

ప్లవకం

విగ్రహాల లెక్కయితే ఆస్ట్రేలియాలో సరైనా అనే ఊళ్లో కేన్ టోడ్ కప్పకీ ఉందండీ. చెరకు పురుగుల్ని తింటుందని 1935లో తెచ్చుకున్న కప్ప అది. పురుగుల జోలికి పెద్దగా పోలేదు, దేశంలో మాత్రం చాలా మేర పాకిపోయింది. సోచి సంగతికొస్తే, అక్కడ చేపలు వదలడంతో పాటు చిత్తడి నేలల్ని ఎండగట్టారు, జనానికి క్వినైన్ ఇచ్చారు. అందులో చేప వాటా ఎంతో ఎలా తేలుస్తాం?

తేల్చడానికి ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. దోమ పిల్లల్ని తినే చేపల వల్ల మలేరియా తగ్గుతుందా అని వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షకులు 2013లోనూ, మళ్లీ 2017లోనూ ఉన్న పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. కొన్నిచోట్ల నీళ్లలో దోమ పిల్లలు తగ్గిన మాట నిజమే. కానీ మనుషులకు జబ్బు తగ్గిందని నమ్మకంగా చూపించే అధ్యయనం వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. వీటి మధ్య దూరాన్ని మనం పట్టించుకోవడం లేదు.

ఇక నీళ్లలో ఏం జరుగుతుందో చెప్పే పాత ప్రయోగం ఒకటుంది. 1972లో హర్ల్‌బర్ట్, జెడ్లర్, ఫెయిర్‌బ్యాంక్స్ అనే ముగ్గురు 'సైన్స్' పత్రికలో రాశారు. కృత్రిమంగా కట్టిన మడుగుల్లో కొన్నింటిలో గంబూసియాను వదిలారు, కొన్నింటిని అలాగే ఉంచారు. చేపలున్న మడుగుల్లో కంటికి ఆనీ ఆనని రోటిఫర్లు అనే ప్రాణులు, రొయ్యల బంధువులైన బుల్లి జీవులు, నీటి పురుగులు ఘోరంగా పడిపోయాయి. వాటిలో చాలా వరకు నీటిలో తేలే సన్నటి పాచిని మేసేవే. మేసే నోళ్లు పోయేసరికి ఆ పాచి చెలరేగింది. నీరు చిక్కటి ఆకుపచ్చగా మారి, వెలుతురు అడుగుకు దిగక, వేడి కూడా పెరిగింది. చేపలు లేని మడుగుల్లో అడుగు దాకా కనిపిస్తూనే ఉంది. ఒక వేలెడు చేప నీటి రంగును, వేడిని మార్చేసిందన్నమాట! ఇది చదివిన రోజు నుంచి పచ్చటి కుంట కనిపిస్తే ముందు చేపల కోసం చూడటం నాకు అలవాటైపోయింది.

చేపలతొట్టె

నేను శాస్త్రవేత్తను కాను, చేపల పిచ్చోణ్ని. అయినా నా కళ్లతో చూసింది చెబుతాను. తెల్లటి ప్లాస్టిక్ టబ్బులో నాలుగు ఆడ గంబూసియాల్ని వేసి, దోమ పిల్లలు ముప్పై, డాఫ్నియాలు అనే బుల్లి నీటి జీవులు చెంచాడు, తోకకప్పలు ఆరు వదిలాను. ఈ చేప నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పై పొరలో ఉన్నది లాక్కోవడానికే పుట్టినట్టు. దోమ పిల్ల తలకిందులుగా వేలాడేది అక్కడే, కాబట్టి ముందు వాటినే పట్టాలి. పట్టలేదు! గెంతుతూ తిరిగే డాఫ్నియాల వెంట పడ్డాయి. అవి అయిపోయాకే దోమ పిల్లల మీదికొచ్చాయి. రెండో రోజు పొద్దునకి దోమ పిల్లలు ఎనిమిది మిగిలాయి, తోకకప్పలు ఆరూ ఉన్నాయి గానీ నాలుగింటికి తోక లేదు. తోక మొత్తం మింగడం కాదు, అంచులు కొరుక్కుంటూ పోవడం. సాయంత్రానికి ఆ నాలుగూ చచ్చిపోయాయి.

జ్వరాలడ్యూటీ

తమ్ముడూ, టబ్బు వేరు, కుంట వేరు. టబ్బులో తోకకప్పకి దాక్కునే చోటేదీ? గడ్డి ఉన్నచోట తప్పించుకుంటాయి. అదీగాక నీ లెక్కలోనే ముప్పైలో ఇరవై రెండు దోమ పిల్లలు పోయాయి. నాకు అది బంగారం.

తూనీగరెక్క

గడ్డి ఉంటే తోకకప్ప దాక్కుంటుంది, సరే. మరి దోమ పిల్ల దాక్కోదా? గంబూసియా సరిగా పనిచేయనిది కూడా గడ్డి, నాచు దట్టంగా ఉన్న అంచుల్లోనే. ఆ అంచుల్లోకి దూరి దోమ పిల్లల్ని తినేది తూనీగ పిల్ల, వెల్లకిలా ఈదే నీటి పురుగు. వాటిని ఈ చేప ముందే తినేస్తుంది. మన కోసం జీతం లేకుండా పనిచేస్తున్నవాళ్లను తీసేసి బయటివాణ్ని పెట్టుకోవడం ఇది.

ఇంకొకటి. చేప ఉన్న నీళ్లను క్యూలెక్స్ జాతి ఆడదోమలు వాసనతో పసిగట్టి అక్కడ గుడ్లు పెట్టడం తగ్గిస్తాయని ప్రయోగాల్లో తేలింది. అంటే కుంటలో డిప్పర్, అదే దోమ పిల్లల్ని లెక్కపెట్టే గరిటె, ముంచితే లెక్క తగ్గినట్టే కనిపిస్తుంది. గుడ్లు మాత్రం పక్కనున్న పాత టైరులోకి మారి ఉండొచ్చు.

గట్టుమనిషి

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. డెంగీ దోమ అసలు కుంటల్లో పెరగదు కదా? ఏడిస్‌కి కావలసింది డ్రమ్ము, కుండీ, టైరు, కొబ్బరి చిప్ప. డెంగీ వచ్చిందని చెరువులో చేపలు పోయడం, కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టడమే.

నా ప్రశ్న బీటీఐ గురించి. ఆ బాక్టీరియా పొడి దోమ పిల్లల్ని తప్ప దేన్నీ ముట్టుకోదంటారు. అది చల్లితే ఇద్దరి గొడవా తీరిపోదా?

ప్లవకం

మొదటి మాటకు నా ఓటు. రెండోది అంత తేలిక కాదు. బీటీఐని 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో కనుగొన్నారు. దాని విషపు స్ఫటికం క్షారగుణమున్న దోమ పిల్ల పేగులో కరిగి పనిచేస్తుంది, చేపకూ కప్పకూ ఏమీ కాదు. కానీ దోమలకు దగ్గరి చుట్టాలైన కుట్టని బురదదోమలు, అదే కైరొనొమిడ్లు, మోతాదును బట్టి దెబ్బతింటాయి. పక్షులకూ చేపలకూ తిండి అవే. ఫ్రాన్స్‌లో కామార్గ్ చిత్తడి నేలల దగ్గర గూళ్లు కట్టే హౌస్ మార్టిన్ పిట్టల మీద 2010లో ఒక అధ్యయనం వచ్చింది. మందు చల్లినచోట గూటికి సగటున 2.3 పిల్లలు ఎగిరితే, చల్లనిచోట 3.2 ఎగిరాయి. అయితే అమెరికాలో మిన్నెసోటాలో చేసిన పనిలో పురుగులు తగ్గినా పక్షులకు నష్టం కనిపించలేదు. నేల మారితే జవాబూ మారుతోంది. ఏదేమైనా బీటీఐలో ఒక సుగుణం: తప్పు అనిపిస్తే చల్లడం ఆపొచ్చు, కొద్ది రోజుల్లో దాని ప్రభావం పోతుంది. చేపను ఆపడం మన చేతుల్లో ఉండదు.

జ్వరాలడ్యూటీ

ఆపలేమనడం కొంచెం ఎక్కువ కాదా? వల వేసి పట్టొచ్చు, నీళ్లు తోడేయొచ్చు.

చేపలతొట్టె

అన్నా, ఇది గుడ్లు పెట్టే చేప కాదు, పిల్లల్నే కంటుంది. మూడు నాలుగు వారాలకో కాన్పు. మగచేప కలిసిన తర్వాత ఆ వీర్యాన్ని నెలల తరబడి కడుపులో దాచుకోగలదు. వలలోంచి ఒక్క ఆడది జారిందనుకోండి, మగతోడు లేకపోయినా మళ్లీ కుంట నిండుతుంది.

ప్లవకం

దీనికి ఉదాహరణ కావాలంటే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ ఊట మడుగులు చూడండి. అక్కడ మాత్రమే ఉండే ఎర్రరెక్కల నీలికంటి చేప ఒకటుంది, మూడు సెంటీమీటర్లు దాటదు. లోకానికి తెలిసింది 1990లో. కొన్ని సెంటీమీటర్ల లోతు నీళ్లలో బతుకుతుంది. వాన పడి నేల మీద నీళ్లు పారినప్పుడల్లా గంబూసియా ఒక ఊట నుంచి మరో ఊటకు పాకింది. వచ్చినచోటల్లా ఈ చిన్నది కనుమరుగవుతూ పోయింది. చివరికి రోటినోన్ అనే విషం పెట్టి గంబూసియాను చంపడం, మిగిలిన నీలికంటి చేపల్ని శత్రువు లేని ఊటలకు మోసుకెళ్లడం మొదలుపెట్టారు. 2021లో వేరే పరిశోధకులు పెద్ద చేప రూపంలో ఒక రోబోను తయారుచేసి తొట్టిలో తిప్పితే, గంబూసియాలు భయంతో చిక్కిపోయి సంతాన శక్తి కూడా తగ్గిందట. చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత దిగులేసింది. వదలడానికి ఒక బకెట్ చాలు, వెనక్కి తేవడానికి రోబోలు కావాలి!

గట్టుమనిషి

అయితే అక్కడి స్థానిక చేపల్నే వదలమంటే? పాంచాక్స్ లాంటివి?

చేపలతొట్టె

నడినెత్తిన వెండి చుక్క మెరుస్తూ ఉంటుంది, అదే కదా? నాకు ప్రాణం. దోమ పిల్లల్ని బాగా తింటుంది కూడా.

తూనీగరెక్క

ఆ కుంటలో ముందే ఉంటే ఉండనివ్వండి, పట్టుకుపోకండి, మందు కొట్టి చంపకండి. లేనిచోటికి తెచ్చి పోస్తే మళ్లీ మొదటికే వస్తాం. చేపలే లేని కుంటలు కొన్నిటికి చాలా అవసరం, కొన్ని కప్పలు గుడ్లు పెట్టేది అలాంటి చోటే.

ప్లవకం

తొట్టెలకైతే చేపే అక్కర్లేదు. వియత్నాంలో మీసోసైక్లాప్స్ అనే, చుక్కంత ఉండే నీటి జీవిని ఇళ్ల నీటి తొట్టెల్లో వదిలి, జనమే చెత్త డబ్బాలూ టైర్లూ ఏరేసేలా చూసి, చాలా పల్లెల్లో ఏడిస్ ఈజిప్టైని లేకుండా చేశారు. ఇక్కడా ఒక మెలిక ఉంది. నారికురుపు పురుగును మోసేది ఈ సైక్లాప్స్ జాతులే. ఆ జబ్బు ఇంకా ఉన్న ప్రాంతాల్లో తాగే నీళ్లలో వీటిని పెంచే ఆలోచనే చేయకూడదు.

జ్వరాలడ్యూటీ

నాలుగు రోజులు ఇటు రాలేదు, కారణముంది. బకెట్లో చేపలతో ఒక కుంటకు వెళ్లాను. మీ గోల చెవిలో ఉండి, వదిలేముందు డిప్పర్ పట్టుకున్నాను. పది ముంపులకు దోమ పిల్లలు నాలుగే. అంచుల్లో చిన్న వల లాగితే తూనీగ పిల్లలు పదకొండు, వెల్లకిలా ఈదే పురుగులు రెండు. అక్కడికి ముప్పై అడుగుల దూరంలో, వాడకుండా వదిలేసిన సిమెంటు తొట్టె ఉంది. దాంట్లో పది ముంపులకు అరవై మూడు. ఇన్నేళ్లలో నేను కుంటలో లెక్కపెట్టింది చేపలు వదిలాక మాత్రమే, ముందెప్పుడూ పెట్టలేదు. ఇది ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

కుంటలో వదల్లేదు. అలాగని మందు లేనిచోట, జ్వరాలు ముమ్మరంగా ఉన్నచోట కూడా వదలొద్దంటే ఇప్పటికీ ఒప్పుకోను, అది వేరే చర్చ. ప్రస్తుతానికి బకెట్‌లో నలభై చేపలు నావైపు చూస్తున్నాయి. వీటినేం చేయను?

చేపలతొట్టె

ఆ సిమెంటు తొట్టె పొంగి నీళ్లు కుంటలోకి వెళ్లే దారి ఉందా?

జ్వరాలడ్యూటీ

గట్టి వాన పడితే వెళ్తుంది.

తూనీగరెక్క

అయితే తొట్టెలో కూడా వద్దు. నీళ్లు ఒంపేసి బోర్లించండి, లేదా మూత వేయించండి. అరవై మూడూ ఎండలో పోతాయి.

చేపలతొట్టె

చేపల్ని నాకు పంపించన్నా, మూసిన తొట్టెలో పెంచుకుంటాను. పంపేముందు వేరుచెయ్యి: పొట్ట చివర నల్ల మచ్చ ఉన్నవి ఆడవి, సన్నగా చిన్నగా ఉండి కింది రెక్క పుల్లలా పొడుగ్గా ఉన్నవి మగవి. రెండు డబ్బాల్లో పెట్టు. మూతలు బిగించు.