ఆర్చర్లలో పోటీ ఆందోళన, స్కోరు: పీహెచ్‌డీ డిజైన్ నిలబడుతుందా?

కృష్ణాతీరం
స్పోర్ట్స్ సైకాలజీలో సినాప్సిస్ వచ్చే నెల కమిటీ ముందు పెట్టాలి. విజయవాడ, గుంటూరు శిక్షణ కేంద్రాల్లో 14–17 ఏళ్ల కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) ఆర్చర్లు 40 మంది దొరుకుతారు. ఒక పోటీకి ముందు సీఎస్‌ఏఐ-2ఆర్ (పోటీ ముందటి ఆందోళన, ఆత్మవిశ్వాసం కొలిచే ప్రశ్నావళి) తెలుగులో నింపించి, ఆ రోజు 720కి వచ్చిన స్కోరుతో సహసంబంధం (కోరిలేషన్) చూద్దామని. అనువాదం నేనే చేశాను. ఎక్కడ పట్టుకుంటారంటారు?

లెక్కలపంతులు
సంఖ్య దగ్గరేనండీ. 2003లో వుడ్‌మన్, హార్డీ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కిస్తే ఆటతీరుతో మానసిక ఆందోళనకు సగటు సహసంబంధం −0.10, ఆత్మవిశ్వాసానికి 0.24 తేలింది. 0.24ను 80 శాతం పవర్‌తో (సంబంధం నిజంగా ఉంటే అది దొరికే అవకాశం) పట్టాలంటే సుమారు 134 మంది కావాలి. 0.10కి 780 దాటాలి. 40 మందితో ‘సంబంధం లేదు’ అని వస్తే, నిజంగా లేదో మన కంటికి ఆనలేదో చెప్పలేరు. పైగా కొత్తగా చేరిన కుర్రాడి 640కీ నేషనల్స్ ఆడిన అమ్మాయి 700కీ మధ్య తేడా చాలావరకు సాధనది.

అందుకని ఒకరిని ఇంకొకరితో కాదు, ఎవరిని వారితోనే పోల్చండి. 20 మంది చాలు, ఒక్కొక్కరిని 8 సార్లు కొలవండి: నాలుగు ప్రాక్టీస్ రౌండ్లు, నాలుగు పోటీలు. అన్నీ 50 మీటర్లు, 72 బాణాలే. ప్రతిసారీ గాలి వేగం, ఎండ రాసుకోండి. విశ్లేషణకు మిక్స్‌డ్ మోడల్ (ఒకే మనిషి కొలతలను ఒక గుంపుగా చూసే లెక్క) వాడాలి. ఆ 160 కొలతలను 160 మంది మనుషులుగా లెక్కిస్తే పి విలువ (సంబంధమే లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) ఉత్తపుణ్యానికి చిన్నదైపోతుంది, వైవా అక్కడే ఆగిపోతుంది.

మాటపట్టింపు
అనువాదం ఒక్కరే చేయకూడదండీ. ఈ ప్రశ్నావళిలో మానసిక ఆందోళన అంశాలు ఐదూ ‘కన్సర్న్‌డ్’ అనే మాట మీదే నిలబడ్డాయి. దాన్ని ‘ఆందోళన’ అంటే పిల్లలకు ధర్నా గుర్తొస్తుంది. ‘పట్టింపు’ అంటే అర్థం తిరగబడి, ఆటంటే శ్రద్ధ ఉన్నవాడికే ఎక్కువ మార్కులు పడతాయి. ‘ఓడిపోతానేమోనని గుబులుగా ఉంది’ దగ్గరగా ఉంటుంది. కడుపు కుంగుతున్నట్టుందనే అంశం ఇంకా చిక్కు. తెలుగులో జారేది గుండె. అలా రాస్తే గుండె దడ అంశంతో కలిసిపోతుంది. ‘కడుపులో ఖాళీ అయిపోయినట్టుంది’ అని పెట్టి చూడండి.

ఇద్దరు విడివిడిగా తెలుగులోకి తేవాలి, ఇంగ్లీషు మూలం చూడని మూడో మనిషి తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. ఆ తర్వాత మీ నమూనాలో లేని ఎనిమిదిమంది పిల్లల చేత పైకి చదివించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించండి. ఎక్కువ తప్పులు బయటపడేది ఇక్కడే. ఇంకోటి, 17 అంశాల్లో శారీరకం 7, మానసికం 5, ఆత్మవిశ్వాసం 5. ఒక్కో భాగం మొత్తాన్ని దాని అంశాల సంఖ్యతో భాగించి 10తో గుణించాలి. లేకపోతే మూడింటినీ పక్కపక్కన పెట్టలేరు.

మైదానంమనిషి
అందరూ 18 లోపువాళ్లే కనుక తల్లిదండ్రుల సంతకం, పిల్లల సమ్మతి వేరువేరుగా తీసుకోండి. కోచ్ చేత అడిగించొద్దు, ఆయన అడిగితే పిల్లలు కాదనలేరు. ప్రశ్నావళి మొదటి బాణానికి 40 నిమిషాల ముందు, కోచ్ దూరంగా ఉన్నప్పుడే ఇవ్వండి. ఒక్కరి ప్రశ్నావళి స్కోరు కూడా సెలక్షన్ చేసేవాళ్ల చేతికి వెళ్లకూడదు, అది ముందే రాతలో పెట్టండి. గుండె వేగం కొలిచే ఆలోచన ఉంటే బెజవాడ మే ఎండలో వద్దు. వేడికే వేగం పెరుగుతుంది, భయం వాటా ఎంతో విడదీయలేరు.

కృష్ణాతీరం
డిజైన్ మారుస్తున్నాను, ధన్యవాదాలు. షాట్ రొటీన్ (ప్రతి బాణానికీ చేసే క్రమం) వీడియో కూడా కలపవచ్చా?

మైదానంమనిషి
కలపండి. ఫోన్‌ను స్టాండు మీద, షూటింగ్ లైన్‌కు పక్కగా పెట్టి సెకనుకు 60 ఫ్రేములతో తీయండి. 240 అక్కర్లేదు, యాంకర్ (లాగిన చెయ్యి దవడ దగ్గర ఆగడం) నుంచి రిలీజ్ (బాణం వదలడం) దాకా కొన్ని సెకన్లు పడుతుంది. రిలీజ్ చెయ్యి దవడ దగ్గర ఆగిన మొదటి ఫ్రేమ్ ఆరంభం, స్ట్రింగ్ కదిలిన మొదటి ఫ్రేమ్ ముగింపు. సగటు వ్యవధి కంటే దాని హెచ్చుతగ్గులే మీకు ముఖ్యం. లాగి, వదలకుండా దించేసిన షాట్లు వేరే గడిలో రాయండి, వాటిని పారేయకండి. అన్ని బాణాలూ చూడటం అయ్యే పని కాదు. 1, 6, 12 ఎండ్లు (ఆరేసి బాణాల విడతలు) మాత్రమే తీసుకున్నా మనిషికి రౌండుకు 18, మొత్తం 2,880 షాట్లు. అందులో పదో వంతు ఇంకొకరి చేత కూడా కొలిపించండి.