తెల్ల కప్ప తిండి మానేసింది: తప్పు నీళ్లదా, ఎండదా?

ఉప్పల్‌పాప_అమ్మ: దీపావళికి మా పాప అడిగిందని అక్వేరియం షాపులో రూపాయి బిళ్లంత తెల్ల కప్పను కొన్నాం. ఇంతకంటే పెరగదన్నారు. ఇప్పుడు అరచేతిలో సగం ఉంది. తొట్టిలోని గప్పీ చేపలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు. మాది బోరు నీళ్లు. పాప ఏడుస్తోంది.

గాజుతొట్టి: ముందుకాళ్ల వేళ్లు విడివిడిగా, వెనక కాళ్లకు గోళ్లు ఉన్నాయా? ఉంటే అది ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్. ఆడదైతే 10 సెంటీమీటర్లు దాటుతుంది. నోట పట్టిన చేపనల్లా మింగుతుంది.

మంజీరా_మనిషి: నీళ్లే కారణం. కప్ప చర్మం క్లోరిన్‌ను తట్టుకోలేదు.

గాజుతొట్టి: ఆవిడ బోరు నీళ్లన్నారు కదండీ, క్లోరిన్ ఎక్కడిది? తొట్టిలో థర్మామీటర్ పెట్టమనండి.

మంజీరా_మనిషి: బోరంటే బోరేనా? మా అపార్ట్‌మెంట్ సంపులో చెప్పకుండా క్లోరిన్ కలిసిన ట్యాంకర్ నీళ్లు కలిపారు. ఒక్క రాత్రిలో నా రెండు కప్పలూ పోయాయి.

చేపలబాబు: ఎయిర్ పంపు పెంచండి అక్కా.

గాజుతొట్టి: అది పైకొచ్చి ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి తమ్ముడూ. దానికి 18–22 డిగ్రీల నీళ్లు కావాలి. ఏప్రిల్‌లో మన తొట్లు 30 దాటుతాయి. ఆ వేడికి మిగిలిన తిండి త్వరగా కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. నీళ్ల పీహెచ్, అంటే క్షారగుణం, ఎక్కువుంటే అది ఇంకా విషం.

మంజీరా_మనిషి: నేననేదీ అదే, నీళ్లే!

సరూర్‌నగర్_కుర్రోడు: చెరువులో వదిలేస్తే పోలా?

గాజుతొట్టి: దయచేసి వద్దు. చిలీలో, ఫ్రాన్స్‌లో ఇలా బయటపడ్డవి అక్కడి నీళ్లలో పాతుకుపోయాయి.

మంజీరా_మనిషి: మీ లెక్కన రాత్రీ పగలూ ఏసీ వేయాలి. బిల్లు ఎవరు కడతారు? మధ్యతరగతి వాళ్లు కప్పను పెంచుకోకూడదా?

గాజుతొట్టి: ఈ కప్పను మన ఊళ్లో ఎవరూ పెంచకూడదనే నా మాట, ఏసీ ఉన్నా సరే. మే నెలలో మేం ఊరెళ్లినప్పుడు కరెంటు పోయి ఏసీ ఆగింది. వచ్చేసరికి నాది తేలి ఉంది. 15 ఏళ్లు బతకగల ప్రాణిని చేతులారా చంపుకున్నాను. షాపులో ఒక్క మాట చెప్పుంటే కొనేవాణ్నే కాదు.

మంజీరా_మనిషి: బాధ నాకూ ఉంది. కానీ ఆవిడ ఇప్పటికే కొన్నారు. కొనకూడదు అంటే ఆ పాప కప్ప బతుకుతుందా? నాకప్పుడు చెప్పేవాళ్లు లేరు, అందుకే అందరికీ క్లోరిన్ సంగతే చెబుతుంటాను.

ఉప్పల్‌పాప_అమ్మ: థర్మామీటర్‌లో 32. గోళ్లున్నాయి. మిగిలిన రెండు గప్పీలను వేరే తొట్టిలో వేశాను. వాచ్‌మన్‌ని అడిగితే వారం నుంచి సంపులో ట్యాంకర్ నీళ్లు కలుపుతున్నారట. ఇప్పుడేం చేయను?

మంజీరా_మనిషి: బకెట్లో నీళ్లకు యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినన్ని కలిపాకే, తొట్టి నీళ్లలో పావు వంతు మార్చండమ్మా.

గాజుతొట్టి: జాలీ మూత బిగించి పైన ఫ్యాన్ పెట్టండి. వేడి మెల్లగా దిగాలి, ఐసు ముక్కలు వేయకండి. రేపు పొద్దున ఎంతుందో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.